ముక్కు టీకాయు, కణముల చాటింపును

"పిల్లవానికి సూది వేయించుటకు బదులు ముక్కులో చుక్కలు వేయించిన చాలదా?" అని చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల తల్లిదండ్రులు మమ్ము అడుగుచుందురు. పోలియో చుక్కలను ఎరిగినవారికి ఈ ప్రశ్న తోచుట సహజమే. సమాధానము తెలియవలెనన్న, శరీరములోని కణములు ఒకదానితో నొకటి ఎట్లు సంభాషించునో ముందు తెలిసికొనవలయును.

గ్రామమున తలారి తప్పెట కొట్టి చాటింపు వేయును. ఊరందరును విందురు, కాని ఆ మాట యెవరికి సంబంధించినదో వారే కదలుదురు. శరీరమున ఇట్టి చాటింపు వేయునవి సైటోకైనులను చిన్న మాంసకృత్తులు. ఒక కణము వీనిని విడుచును. వీనిని అందుకొనగల గ్రాహకములున్న కణములు మాత్రమే స్పందించును. 1957లో లండనులో ఐజాక్స్, లిండెన్‌మన్ అను శాస్త్రజ్ఞులు కనుగొనిన ఇంటర్‌ఫెరాను ఈ జాతిలోనిదే. వైరసు సోకిన కణము దీనిని విడిచి ఇరుగుపొరుగు కణములను హెచ్చరించును.

కండకు వేసిన సూదిమందు వలన రక్తమున ఐ.జి.జి. అను ప్రతిరక్షకములు విశేషముగా పుట్టును. ముక్కు లోపలి జిగట పొరకు మాత్రము అవి కొద్దిగనే చేరును. టీకా ముక్కులోనే పడినచో అచ్చటి కణముల చాటింపు వేరుగా నుండును. టి.జి.ఎఫ్. బీటా అను సైటోకైను బి-కణములను ఐ.జి.ఎ. అను ప్రతిరక్షకముల తయారీకి మళ్ళించును. ఇంటర్‌ల్యూకిన్-6 మున్నగునవి ఆ పనిని వృద్ధిచేయును. ఐ.జి.ఎ. జిగటలోనికి స్రవించి వైరసును వాకిటనే పట్టుకొనును.

అయితే ముక్కు దినమెల్ల ధూళిని, పుప్పొడిని పీల్చునది. ప్రతిదానికి కలవరపడిన బ్రదుకు సాగదు. కనుక అచ్చట "ఊరకుండుడు" అను చాటింపే సాధారణము, ఇంటర్‌ల్యూకిన్-10 అట్టిది. టీకా ఆ నెమ్మదిని కదిలింపవలెను, కాని మితిమీరరాదు. 2022లో ప్రకటింపబడిన ఆక్స్‌ఫర్డు ప్రయోగమున, ముక్కులో చల్లిన కోవిడ్ టీకా బలమైన స్పందనను కలిగింపలేకపోయెను. 2000-01 చలికాలమున స్విట్జర్లాండులో ఒక ఫ్లూ ముక్కు టీకాకు ఉత్తేజకముగా బాక్టీరియా విషమును చేర్చిరి. కొందరికి ముఖపక్షవాతము కలుగుటచే దానిని ఉపసంహరించిరి.

మన బాగేపల్లి మీదుగా ఉత్తరమునకు పోవు రహదారి హైదరాబాదు చేరును. అచ్చటి భారత్ బయోటెక్ సంస్థ, అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరపు వాషింగ్టన్ విశ్వవిద్యాలయముతో కూడి, ఇన్‌కోవాక్ అను కోవిడ్ ముక్కు టీకాను రూపొందించెను. శరీరమున వృద్ధి చెందలేని చింపాంజీ అడినోవైరసు దీనికి వాహనము. 2022 సెప్టెంబరులో అత్యవసర వినియోగమునకు అనుమతి లభించెను. 2023 జనవరి 26న విడుదలయ్యెను. మోతాదునకు 8 చుక్కలు. కాని ఆ యనుమతి 18 ఏండ్లు నిండినవారికే.

కావున తల్లిదండ్రులకు మేము చెప్పునది యిది. ఏ వాకిట శత్రువు ప్రవేశించునో ఆ వాకిట కావలి యుండవలెను. ధనుర్వాతము గాయముగుండ వచ్చును. దానికి ముక్కులోని కావలి యక్కరకు రాదు. ముక్కు చుక్కలు వచ్చునని యెదురుచూచుచు తట్టు, కంఠసర్పి, ధనుర్వాతముల సూదులను వాయిదా వేయరాదు. సూది వేయించిన రాత్రి పిల్లవాని యొడలు కొంచెము వెచ్చబడిన బెదరవలదు. అదియు సైటోకైనుల చాటింపే. జ్వరము తీవ్రమైనను, విడువకున్నను వైద్యునికి చూపవలెను.