గ్లూకోజును ఫ్రక్టోజుగా మార్చు ఉత్ప్రేరకాలు: ఎంపికలో గమనించవలసిన అంశాలు

గ్లూకోజు, ఫ్రక్టోజు అణుసాదృశ్యకాలు. రెండింటి అణు ఫార్ములా ఒక్కటే అయినప్పటికీ ఫ్రక్టోజు తియ్యదనం గ్లూకోజు కంటె సుమారు రెండు రెట్లు. మొక్కజొన్న గింజలో దాదాపు 70 శాతం పిండి పదార్థమే. దాని జలవిశ్లేషణ వలన లభించేది గ్లూకోజు. కావున దీనిని ఫ్రక్టోజుగా మార్చు ఉత్ప్రేరకం లభించినచో, చెరకుతో పనిలేకుండా ధాన్యం నుండియే తీపి పాకం తయారుచేయవచ్చును.

క్షారాలు: క్షార ద్రావణంలో గ్లూకోజు ఫ్రక్టోజుగా మారుతుందని లోబ్రీ ద బ్రూయిన్, ఆల్బెర్డా వాన్ ఎకెన్‌స్టైన్‌లు 19వ శతాబ్ది చివర నిరూపించారు. అయితే మానోజు, సేంద్రియ ఆమ్లాలు కూడ ఏర్పడి పాకం గోధుమరంగుకు తిరుగుతుంది; కొంత చక్కెర నష్టమవుతుంది.

ఎంజైము: ఈ మార్పును కలిగించు ఎంజైమును 1957లో మార్షల్, కూయి ప్రకటించారు. సూక్ష్మజీవులలో దీని సహజ కార్యం జైలోజును జైలులోజుగా మార్చడం. పరిశ్రమలో దీనిని ఘనాధారంపై స్థిరపరచి, స్తంభాలలో నింపి, సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వద్ద, 7-8 ఉదజని సూచికతో పాకాన్ని ప్రవహింపజేస్తారు. మెగ్నీషియం దీనిని ఉత్తేజపరుస్తుంది, కాల్షియం నిరోధిస్తుంది. పిండిని ద్రవీకరించు ఆల్ఫా అమైలేజుకు కాల్షియం తోడ్పడుతుంది. కనుక ఆ దశ ముగిసిన పిదప అయాన్ మార్పిడి ద్వారా కాల్షియమును తొలగించనిచో ఖరీదైన ఎంజైము త్వరగా నిర్వీర్యమవుతుంది.

ఇది ద్విగత చర్య. 60 డిగ్రీల వద్ద సమతాస్థితిలో ఫ్రక్టోజు సుమారు 50 శాతమే. సమతాస్థితిని సమీపించిన కొలది వేగం తగ్గుతుంది గనుక 42 శాతం వద్ద చర్యను ఆపుతారు. ఉష్ణోగ్రత పెంచితే ఫ్రక్టోజు పాలు పెరుగుతుంది గాని ఎంజైము ఆయుష్షు క్షీణిస్తుంది. 55 శాతం పాకం కొరకు క్రొమటోగ్రఫీ ద్వారా వేరుచేసిన గాఢ ఫ్రక్టోజును కలుపుతారు.

ఘన ఉత్ప్రేరకాలు: తగరం చేర్చిన బీటా జియోలైటు 110 డిగ్రీల వద్ద 30 నిమిషాలలో సుమారు 31 శాతం ఫ్రక్టోజును ఇచ్చినట్లు 2010లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రచురించారు. ఆమ్ల మాధ్యమంలోనూ ఇది పనిచేస్తుంది. కాని 9 శాతం మేర మానోజు కూడ ఏర్పడుతుంది.

వ్యవసాయ వ్యర్థాలు: గింజ వలిచిన మొక్కజొన్న కండెల నుండి జైలోజు లభిస్తుంది. సాధారణ ఈస్టు దానిని పులియబెట్టజాలదు, జైలులోజును పులియబెట్టగలదు. పై ఎంజైమే ఆ మార్పును కలిగించగలదు గనుక వ్యర్థాల నుండి ఇథనాలు తయారీకి ఇది ఉపకరిస్తుంది.

కావున ఆహారపు పాకానికి ఎంజైమే అనువైనది. ఉష్ణం, ఆమ్లత అధికంగా గల రసాయన ప్రక్రియలకు జియోలైటు పరిశీలనార్హం. ఉత్ప్రేరకం ఏదైనను సమతాస్థితిని త్వరగా చేర్చగలదే గాని దానిని మార్చజాలదని గుర్తించి తయారీ వ్యయాన్ని లెక్కించవలెను.