ఒప్పుకున్నంత మాత్రాన స్వేచ్ఛ అవుతుందా?



“నా డబ్బు, నా ఇష్టం. నా భూమి నేను అమ్ముకుంటాను. నేను త్రాగితే ఎవరికేమి? మధ్యలో ప్రభుత్వమెవరు?” ఈ మాటలు సంతలోను, రచ్చబండ దగ్గరా మనకు కొత్త కాదు. చదువుకున్నవారు దీనికి స్వేచ్ఛావాదమని పేరు పెట్టారు. బలాత్కారం, మోసం జరగకుండా కాపలా కాయడం వరకే ప్రభుత్వం పని అనీ, ఇద్దరు ఇష్టపడి కుదుర్చుకున్న ఒప్పందంలో మూడోవాడు తలదూర్చకూడదనీ ఆ వాదం. క్రైస్తవులమైన మనం దీనిని ఎలా చూడాలి?

అందులోని నిజం

ముందుగా అందులో ఉన్న నిజాన్ని ఒప్పుకుందాం. కైసరుకు చెందవలసినది వేరు, దేవునికి చెందవలసినది వేరు అని ప్రభువు తేల్చి చెప్పారు (మార్కు 12:17). అంటే కైసరు చేయి చాపకూడని చోటు ఒకటుంది. అది మనిషి మనస్సాక్షి. విశ్వాసం విషయంలో ఎవరినీ బలవంతపెట్టరాదు, ఎవరినీ అడ్డుకోరాదు అని ద్వితీయ వాటికన్ మహాసభ 1965లో ప్రకటించింది. కుటుంబం, ఊరు తమంతట తాము చేసుకోగల పనిని పై అధికారం లాక్కోవడం అన్యాయమని 11వ పయస్ పోపుగారు 1931లోనే బోధించారు. కాబట్టి అన్నీ సర్కారే చూసుకోవాలనడం శ్రీసభ బోధ కాదు.

అందులోని లోపం

అయితే ఆ వాదం ఒక సంగతి మరచిపోతుంది. ఆకలితో ఉన్నవాడి ఒప్పుకోలు, కడుపు నిండినవాడి ఒప్పుకోలు ఒకటి కావు. 13వ లియో పోపుగారు 1891లో వెలువరించిన విశ్వలేఖలో కూలివాని గురించి చెప్పింది ఇదే. వేరే దారిలేక తక్కువ కూలికి తల ఊపినవాడు స్వేచ్ఛగా ఒప్పుకున్నట్టు కాదు, అతని మీద బలాత్కారం జరిగినట్టే. అటువంటివాని పక్షాన నిలబడటం ప్రభుత్వం బాధ్యత. పాలకుడు మన మేలు కోసం దేవునికి సేవకుడని పౌలుగారు రోమీయులకు వ్రాసిన (13:4) మాటకు అర్థం ఇక్కడే తెలుస్తుంది.

దీనికి మన మేత్రాసన ప్రాంతంలోనే సాక్ష్యముంది. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో సవరలు, జాతాపులు భూములు ఎలా పోగొట్టుకున్నారు? కత్తి చూపి లాక్కున్నది తక్కువ. ఉప్పు, బట్ట, సారా అరువుకిచ్చారు. వడ్డీ పెరిగింది. చింతపండు, పసుపు అప్పుకింద పోయాయి. చివరకు భూమి కాగితం మీద వేలిముద్ర పడింది. ప్రతి మెట్టులోనూ అతడు ఒప్పుకున్నవాడే! స్వేచ్ఛావాదం లెక్కలో అక్కడ తప్పేమీ జరగలేదు.

ఆ కడుపుమంట ఎంతటిదో తరువాత లోకానికి తెలిసింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో సభకు వెళుతున్న గిరిజనులపై లేవిడి దగ్గర కాల్పులు జరిగి ఇద్దరు మరణించారు. ఆపైన శ్రీకాకుళం కొండల్లో సాయుధ పోరాటం రగిలింది. హింసను శ్రీసభ సమర్థించదు. కాని తుపాకీ హింసను ఖండిస్తూ, అంతకుముందు కాగితాల మీద ఏళ్ల తరబడి సాగిన హింసకు కళ్లు మూసుకోవడం న్యాయం కాదు.

షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు నిబంధన 1959లో వచ్చింది. 1970లో దానిని గట్టిపరిచారు. జనం ‘1/70’ అని పిలిచేది దీనినే. దీని ప్రకారం అక్కడి భూమి గిరిజనునికో, గిరిజనుల సహకార సంఘానికో తప్ప ఇతరులకు మారరాదు. ఇది అమ్ముకునే స్వేచ్ఛను హరించడం కాదా? లేవీయకాండము 25వ అధ్యాయం చదవండి. భూమి దేవునిది గనుక దానిని శాశ్వతంగా అమ్మరాదని ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ. పేదవాని పిల్లలు నేల లేనివారు కాకుండా దేవుడే కట్టిన గట్టు అది.

పాలకుడూ చట్టానికి లోబడినవాడే

ఆహాబు రాజు నాబోతు ద్రాక్షతోటకు మంచి వెల ఇస్తానన్నాడు. పిత్రార్జితాన్ని ఇవ్వనన్నందుకు నాబోతు ప్రాణం పోయింది (1 రాజులు 21). పొరుగున విశాఖ మన్యంలో బొర్రా ప్రాంతపు గనుల విషయమై సుప్రీంకోర్టు 1997 జూలైలో ఇచ్చిన ‘సమత’ తీర్పు ఈ కథనే గుర్తుచేస్తుంది. గిరిజన ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడానికి ప్రభుత్వానికి కూడా హక్కు లేదని ఆ తీర్పు చెప్పింది. బలహీనుని కాపాడే చట్టం రాజుకూ వర్తించాలి.

చట్టం చేయలేని పని

ఇక మద్యం సంగతి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం సడలిపోయింది. పొరుగు రాష్ట్రాల నుండి దొంగసరుకు వచ్చింది, ఖజానా ఖాళీ అయింది అన్నారు. 2019లో ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. 2024 అక్టోబరులో అవి మళ్లీ ప్రైవేటువారికి వెళ్లాయి. దుకాణం ఎవరిదైనా ఖజానాకు ఆదాయం వస్తూనే ఉంది. ప్రజల బలహీనత మీద బ్రతికే ప్రభుత్వం ఆ బలహీనతను మాన్పుతుందా?

పునీత థామస్ అక్వీనాసు గారు ఒక వివేకం నేర్పారు. చట్టం ప్రతి పాపాన్నీ నిషేధించదు. ముఖ్యంగా ఇతరులకు హాని చేసే ఘోరమైన వాటినే అది అడ్డుకోవాలి. బలహీనుల మీద మోయలేని బరువు పెడితే ఇంకా పెద్ద చెడులో పడతారు. అయితే త్రాగుడు వల్ల హాని త్రాగినవానికేనా? దెబ్బలు తినే భార్యను, బడి మానిన బిడ్డను అడగండి. కనుక చట్టం ఊరుకోరాదు. కాని చట్టం సీసా పగులగొట్టగలదే గాని దాహాన్ని మార్చలేదు. ఆ పని ఇంటిది, విచారణది, దేవుని కృపది. దూబగుంటలో చట్టానికి ముందు స్త్రీల గుండెధైర్యం వచ్చింది. ఆ క్రమం మరువరాదు.

ప్రియులారా, చట్టం అనుమతించినదంతా ధర్మం కాదు. అలాగే చట్టం కన్నుగప్పి, “అతడు ఒప్పుకున్నాడు కదా” అని మనస్సాక్షిని నిద్రపుచ్చడమూ ధర్మం కాదు. మనలో ఎవరైనా బినామీ పేరుతో కొండ భూమి సాగు చేస్తుంటే, ఆదివారం పూజలో కానుక వేసేముందు నాబోతును తలచుకోవాలి. ఎన్నికల నాడు సీసాకు, నోటుకు ఓటు ఇచ్చేవాడు తన స్వేచ్ఛను తానే అమ్ముకున్నట్టు.

కుటుంబంలో, సంఘంలో చర్చించండి:

1. మన ఊరిలో అవసరం కొద్దీ ఒప్పుకుని నష్టపోయినవారు ఎవరు? వారికి మనమేమి చేశాము?

2. మనం చేసుకోగలిగీ ప్రభుత్వం మీదకు నెట్టివేస్తున్న పనులేమిటి?

3. మన ఇంటి పెళ్లిలో, పండుగలో మద్యం పెట్టకుండా ఉండగలమా?