స్టాక్ కారు పందెములును, ఇంటనుండి నడుపు లీగులును

మన యాడికి ప్రాంతమున బండలాగుడు పందెమును చూడని బాలుడుండడు. తిరునాళ్ళలో కాడియెద్దులకు బండను గట్టి, నిర్ణయించిన కాలములో అవి దానిని ఎన్ని యడుగులు లాగునో కొలిచి బహుమానము నిత్తురు. పండ్లనుబట్టి పాలపండ్లవి, రెండు పండ్లవి, నాలుగు పండ్లవి, ఆరు పండ్లవి అని ఎద్దులను తరగతులుగా విభజింతురు. కొలతటేపు పట్టినవానిని, గడియారము పట్టినవానిని జనులు నమ్మినంతవఱకే అది పందెము; ఆ నమ్మకము సడలినచో మఱునిమిషమున అది కొట్లాటయగును. ఈ సంగతిని మనసునందుంచుకొని చదువరులు ఈ వ్యాసమును చదువవలెనని కోరుచున్నాము. మేమిందు చెప్పబోవునది అమెరికా దేశపు స్టాక్ కారు పందెములను గూర్చియు, కంప్యూటరు తెఱపై ఇంటర్నెట్ మూలమున ఎవరియింటనుండి వారు నడుపు పందెపు లీగులను గూర్చియు. విద్యార్థులలో కొందఱు తమలో అట్టి లీగునొకదానిని స్థాపింపగోరి, ఎట్లు చేయవలెనని మమ్మడిగిరి.

స్టాక్ అనగా అంగడిలో నిలువయుండు సరకు. అందఱును కొనునట్టి కారునే కొని, దానితోనే పందెము చేయుట స్టాక్ కారు పందెము. దీని పుట్టుక అంత గౌరవప్రదమైనది కాదు. 1920 మొదలు 1933 వఱకు అమెరికాలో మద్యనిషేధముండగా, దక్షిణ రాష్ట్రముల కొండలలో దొంగసారా కాచి, రాత్రివేళ కార్లలో పట్టణములకు చేరవేయుచుండిరి. పోలీసులకు చిక్కకుండ కారును తోలుటయందును, చూపునకు సాధారణముగానున్న కారునకు లోలోపల బలము కూర్చుటయందును ఆ మనుష్యులు ఆఱితేఱిరి. నిషేధము పోయిన తరువాతను ఆ నేర్పు మిగిలెను. తీరికదినములలో మట్టిబాటలపై ఎవరి కారు మేలైనదో తేల్చుకొనసాగిరి. పందెము పెట్టించినవారిలో కొందఱు టిక్కెట్ల సొమ్ముతో పరారియగుటయు కలదు. దీనినంతయు ఒక కట్టుబాటులోనికి తేవలెనని బిల్ ఫ్రాన్స్ అనునతడు 1947 డిసెంబరులో డేటోనా బీచి పట్టణపు హోటలొకదానిలో సభ చేసెను. నాస్కారు అను సంఘము అందుండి పుట్టి 1948 ఫిబ్రవరిలో రిజిస్టరయ్యెను.

ఆ సంఘము మార్పులేని కార్లతో నడిపిన మొదటి పందెము 1949 జూను 19వ తేదీన షార్లెట్ నగరమున జరిగెను. ముప్పాతిక మైలు మట్టిబాట, 200 చుట్లు. గ్లెన్ డునవే అనునతడు 1947వ సంవత్సరపు ఫోర్డు కారులో అందఱికన్న ముందుగా చేరెను. పందెము ముగిసిన పిదప తనిఖీదారుడు ఆ కారు క్రిందికి దూరి చూడగా వెనుక స్ప్రింగులు మార్పబడియుండెను. అది దొంగసారా తోలువారి ఉపాయము. బరువెక్కినను కారు వెనుకకు క్రుంగదు, మలుపులలో ఒరగదు. డునవే విజయమును రద్దుచేసి, రెండవవాడైన జిమ్ రోపరునకు బహుమానమిచ్చిరి. కారు యజమాని న్యాయస్థానమునకెక్కెను. న్యాయస్థానము ఆ వ్యాజ్యమును కొట్టివేసెను. జనమంతయు కన్నులార చూచిన గెలుపును మొదటినాడే కాదనుటకు ఎంత గుండెనిబ్బరము కావలెనో యోచింపుడు. ఆనాడు చూచిచూడనట్లు ఊరకుండినచో నాస్కారు ఇంతకాలము నిలిచియుండునా యని మాకు సందేహము.

అయితే నియమము తెలిసినవారందఱును దానిని అందఱియెడ సమముగా నడుపుదురని తలపరాదు. వెండెల్ స్కాటు వర్జీనియా రాష్ట్రపు నల్లజాతివాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైన్యములో యంత్రములు బాగుచేయు పనివాడుగా నుండి, తరువాత తన చేతులతో తానే సిద్ధపఱచుకొన్న పాత కార్లతో పందెములకు దిగెను. 1963 డిసెంబరు 1వ తేదీన జాక్సన్‌విల్ నగరమున 200 చుట్ల పందెములో అతడు మొదటివాడయ్యెను. గెలుపు జెండా అతనికి ఊపలేదు. అతడు 202 చుట్లు తిరిగెను. విజేత బక్ బేకరని ప్రకటించి ట్రోఫీని అతనికిచ్చి జనమును పంపివేసిరి. కొన్ని గంటల పిమ్మట లెక్కలో పొరపాటు జరిగెనని ఒప్పుకొని, గెలుపును స్కాటు పేర వ్రాసిరి. బహుమతి సొమ్ము వచ్చెను గాని జనము ఎదుట ట్రోఫీనందుకొను భాగ్యము అతనికి కలుగలేదు. 1990లో అతడు మరణించెను. 2015లో నాస్కారు కీర్తిమందిరమున అతని పేరు చేర్చిరి. ఆ ట్రోఫీకి బదులుగా వేఱొకటి చేయించి, 2021లో డేటోనాయందు అతని కుటుంబమువారి చేతికిచ్చిరి. ఆ కాలమున ప్రతి కారునకును ఒక మనిషి కూర్చుండి కాగితముపై చుట్లు వ్రాసికొనుచుండెను. కాగితము తప్పుటకు అవకాశము కలదు. ఆనాడు తప్పినది కాగితము మాత్రమేనా యని ఆ కుటుంబమువారు చిరకాలము అడిగిరి.

ఇక నేటి స్టాక్ కార్లు పేరునకు మాత్రమే స్టాక్ కార్లు. రూపము అంగడి కారును పోలియుండును; లోని ఉక్కు చట్రమును, ఇంజనును పందెమునకై ప్రత్యేకముగా చేసినవి. 1959లో తెఱచిన డేటోనా బాట చుట్టు రెండున్నర మైళ్ళు. మలుపులలో నేల 31 డిగ్రీలు ఏటవాలుగానుండును. కారు బయటికి దొరలిపోకుండ ఆ వాలు దానిని లోనికి నెట్టుచుండును. అచ్చట ఒక కారు వెనుక నింకొకటి తాకునంత దగ్గఱగా పోవును. ముందుది గాలిని చీల్చగా వెనుకదానికి అడ్డు తగ్గును. ఆశ్చర్యమేమనగా, వెనుక సుడిగాలి తగ్గుటచే ముందుదానికిని మేలే. రెండును కలిసి ఒంటికారుకన్న వడిగా పోవును. ఎదురుగాలిలో లారీ వెనుక సైకిలు త్రొక్కిన కుఱ్ఱవాండ్రకు ఈ సూత్రము తెలియును. వారిని మేము మెచ్చుకొనుటలేదు.

స్టాక్ కారు అభిమానులు కారుమీది అంకెను గురుతుగా పెట్టుకొందురు. 43 అన్నచో 200 పందెములు గెలిచిన రిచర్డ్ పెట్టీ, 3 అన్నచో డేల్ ఎర్న్‌హార్ట్. 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో కడపటి చుట్టున ఎర్న్‌హార్ట్ గోడకు గ్రుద్దుకొని మరణించెను. అటు తరువాతి పందెములలో మూడవ చుట్టు వచ్చునప్పుడు వేలకొలది జనులు మౌనముగా నిలిచి మూడు వ్రేళ్ళెత్తి చూపిరి. ఆ యేడాదియే మెడను, తలను కాపాడు పట్టీని డ్రైవర్లకు నిర్బంధము చేసిరి. గోడలకు దెబ్బను మ్రింగు కట్టడము క్రమముగా వచ్చెను.

అభిమానమన్నది గెలుపును మాత్రమే వెంబడింపదు. ఇందుకు మన పొరుగుననే తార్కాణము కలదు. తరతరములుగా తెలుగు కుటుంబములు స్థిరపడిన కోయంబత్తూరు పట్టణము మన దేశపు కారు పందెములకు పుట్టినిల్లువంటిది. అచ్చటి లక్ష్మీ మిల్లుల తెలుగు కుటుంబమునకు చెందిన కరివర్ధన్ 1988లో మారుతీ కారు ఇంజనుతో తక్కువ వ్యయముగల పందెపు కారొకటి తయారుచేసెను. దానికి ఫార్ములా మారుతీయని పేరు. సామాన్యుని కారునుండి పందెపు కారును తీయుట స్టాక్ కారువారి ఆలోచనకు తమ్ముడే. ఆయన 1995లో విమానప్రమాదమున మరణించెను. ఆ యూరి పందెపు బాటకు నేడు ఆయన పేరే కలదు. ఆ చిన్నకారుతో మొదలిడిన కోయంబత్తూరువాడు నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెములకు దిగిన మొదటి భారతీయుడయ్యెను. 2010 మార్చిలో అతడు అమెరికాలో మార్టిన్స్‌విల్ బాటపై నాస్కారు వారి ట్రక్కుల పందెమున పాల్గొని 13వ వాడుగా ముగించెను. ఆ సంవత్సరము కొన్ని పందెములే నడిపి, ఒక్కటియు గెలువలేదు. అయినను అభిమానుల ఓట్లలో ట్రక్కు శ్రేణికంతటికిని జనాదరణపాత్రుడైన డ్రైవరుగా ఎన్నికయ్యెను. మన జనుల ఉత్సాహము అట్టిది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరు తీరమున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెము జరిగినప్పుడును అదే ఉత్సాహము కనబడెను. మఱుసటి యేటి పందెము రద్దయినది గావున ఆ ముచ్చట ఒక్క యేటితో ఆగెను.

కారు పందెమునకు ధనము కావలెను, బాట కావలెను. మన చేనిగట్ల నడుమ అవి రెండును లేవు. సిమ్ రేసింగు అనబడు కంప్యూటరు పందెము ఇచ్చటనే ఉపయోగమునకు వచ్చుచున్నది. నిజమైన బాటలను అంగుళమంగుళము కొలిచి తెఱపై నిలిపి, బల్లకు బిగించిన స్టీరింగుతోను, కాలిక్రింది పెడళ్ళతోను నడుపుదురు. ఐరేసింగు అను ప్రసిద్ధమైన ఏర్పాటు 2008లో మొదలయ్యెను. విలియం బైరన్ అను బాలుడు ఇంట ఈ తెఱపైననే నేర్చుకొని, తరువాత నిజమైన కారెక్కి, 2024లోను 2025లోను వరుసగా డేటోనా 500 పందెమును గెలిచెను. ఇది ఆటబొమ్మ మాత్రమేయని చెప్పువారికి ఈ యొక్క ఉదాహరణము చాలును. తెఱముందు కూర్చున్న ప్రతి బాలుడును బైరనగునని తల్లిదండ్రులకు మేము మాట యీయలేము.

తెఱపై ఎవరికిని దెబ్బ తగులదు. అందువలననే చిక్కు పుట్టుచున్నది. నిజమైన బాటపై తప్పు చేసినవానికి గోడయే శిక్ష. ఇచ్చట గోడకు గ్రుద్దుకొన్నవాడు బొత్తామునొక్కి మరల బయలుదేరును. భయము చేయుపనిని లీగునందు నియమము చేయవలెను. కనుక లీగు పెట్టదలచినవారు బాటలను, కార్లను ఎన్నుకొనుటకు ముందు తీర్పరులను ఎన్నుకొనవలెను. ముగ్గురు చాలుదురు, ఆనాటి పందెములో పాల్గొన్నవాడు ఆనాటి తగవున తీర్పు చెప్పరాదు. పందెము జరుగుచుండగా ఎవరును ఫిర్యాదు చేయరాదు. కోపము చల్లారుటకు ఒక రాత్రి గడువవలెను. మఱునాడు చుట్టు సంఖ్యతో వ్రాసి పంపినదానినే విచారింపవలెను.

విచారణలో ఒక శాస్త్రవిషయమును మఱవరాదు. సర్వరు అమెరికాలోనున్నచో మన యింటినుండి వార్త అక్కడికి పోయి వచ్చుటకు సుమారు పావు సెకను పట్టును. గంటకు 300 కిలోమీటర్ల వేగమున కారు సెకనుకు 83 మీటర్లు పోవును. పావు సెకనులో 20 మీటర్లకు పైబడి, అనగా నాలుగు కార్ల పొడవు. ఆ లోటును పూడ్చుటకు కంప్యూటరు ఎదుటి కారు ఎచ్చట నుండునో ఊహించి చూపును. ఊహ తప్పినప్పుడు ఒకని తెఱపై కార్లు తాకును, వేఱొకని తెఱపై తాకవు. ఇద్దఱును నిజమే చెప్పుచుందురు. కాబట్టి తీర్పరులు ఇద్దఱి తెఱల రికార్డులను చూడక ఎవనిని అబద్ధీకునిగా ఎంచరాదు. సాధ్యమైనంతవఱకు దగ్గఱి సర్వరునే వాడవలెను. పరదేశపు లీగులో చేరగోరువారు వేళను గూడ లెక్కింపవలెను: వేసవిలో న్యూయార్కున రాత్రి 8 గంటలనగా మనకు తెల్లవాఱి 5 గంటల 30 నిమిషములు.

పాయింట్ల పట్టికపై పిల్లలు గంటలకొలది వాదింతురు. 2003లో మ్యాట్ కెన్సెత్ ఒక్క పందెమునే గెలిచి నాస్కారు ఛాంపియనయ్యెను. రయన్ న్యూమన్ ఎనిమిది గెలిచియు కాలేకపోయెను. జనులు గొణిగిరి, మఱుసటి యేడు పద్ధతిని మార్చిరి. మా మట్టునకు కెన్సెతు పద్ధతియే పాఠశాల లీగునకు తగినది. ప్రతి పందెమునకు వచ్చి శుభ్రముగా ముగించువానికి అందు విలువ కలదు. కారు అమరికలు అందఱికిని ఒకటిగానే యుండునట్లు నిర్బంధించుట మంచిది; ధనికుని బిడ్డ మంచి స్టీరింగు కొన్నను, స్ప్రింగుల రహస్యములైనను కొనలేకుండును.

మాటల విషయము. 2020లో కరోనా వలన బాటలు మూతపడగా నాస్కారు డ్రైవర్లు ఇండ్లనుండి తెఱపై పందెములాడిరి. మార్చి 22న జరిగిన మొదటిదానిని డెన్నీ హామ్లిన్ గెలిచెను. ఏప్రిలులో అట్టి ఆటయొకదాన కైల్ లార్సన్ తన మైకును పరీక్షించుచు జాతినిందాపదమొకటి పలికెను. అందఱును వినిరి. రెండు దినములలో అతని నిజమైన ఉద్యోగము పోయెను. మరుసటి యేడు తిరిగివచ్చి ఛాంపియనయ్యెను గాని, ఆ నడుమ అతడు పోగొట్టుకొన్నది సామాన్యము కాదు. మన లీగులో కులము పేరుతోనో, ఇంటి వృత్తి పేరుతోనో ఒకని పిలిచినవానికి మొదటిసారియే ఆ ఋతువంతయు తొలగింపు. ఈ నియమమునకు అప్పీలుండరాదు.

కరెంటు పోయినవాని సంగతి పిల్లలు మమ్మడిగిరి. పందెము సగము గడువకముందు మువ్వురికి మించి తెగిపోయినచో ఆపి మరల మొదలిడవలెను. ఒకరిద్దఱైనచో ఆ నష్టము వారిదే, కాని ఋతువులో అందఱికిని ఒక చెడ్డ పందెమును లెక్కనుండి కొట్టివేయు హక్కు ఇయ్యవలెను. మార్చి నెల పరీక్షలది. పందెములు ఫిబ్రవరితో ముగియవలెను. మొదటి రాత్రికి మార్టిన్స్‌విల్ బాటను ఎన్నుకొనుడు. చుట్టు 0.526 మైళ్ళు మాత్రమే, కాగితములు పట్టు క్లిప్పువంటి ఆకారము, వేగము తక్కువ. మలుపులో ముందువానిని ముక్కుతో నెట్టి త్రోవ చేసికొనవలెనను ఆశ అచ్చట పుట్టినట్లు మఱెచ్చటను పుట్టదు. ఎవరెట్టివారో పది చుట్లలో తెలిసిపోవును.