దినారియస్: వెండి మీద రోమన్ చక్రవర్తి

అవనిగడ్డలో డీఎస్సీకి చదువుతున్నవారు ఘంటసాలను ఒక్కసారైనా చూసి రావాలి. క్రీ.శ. 2వ శతాబ్దంలో భూగోళ శాస్త్రవేత్త టాలెమీ పేర్కొన్న 'కంటకోస్సిల' రేవు ఇదేనని చరిత్రకారుల గుర్తింపు. పెరిప్లస్ గ్రంథంలోని 'మసాలియా' మచిలీపట్నం తీరమే. అక్కడి సన్నని నూలు బట్టకు అప్పటికే గిరాకీ. ఇలాంటి సరుకుకు బదులుగా రోము నుంచి బంగారు 'ఆరియస్', వెండి 'దినారియస్' నాణేలు మన దేశానికి వచ్చాయి.

వెండి నాణేలకు తెలుగు నేలపై పెద్ద ఆధారం నల్గొండ జిల్లా అక్కనపల్లి నిధి. అందులో దొరికినవి 1,500కు పైగా. ఎక్కువ భాగం రోమన్ చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్‌లవి. బొమ్మలు బాగా గుర్తుంచుకోండి, ప్రశ్న అక్కడే వస్తుంది. అగస్టస్ నాణెంపై ఒకవైపు ఆయన తల, రెండోవైపు దత్తపుత్రులు గైయస్, లూసియస్ నిలబడి ఉంటారు, మధ్యలో డాళ్లు, ఈటెలు. వారసులెవరో సామ్రాజ్యమంతటికీ చాటిన ప్రకటన అది. కానీ ఇద్దరూ అగస్టస్ కంటే ముందే మరణించారు. టైబీరియస్ నాణెంపై కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీమూర్తి, 'పాంటిఫ్ మాక్సిమ్' అనే అక్షరాలు కనిపిస్తాయి. ప్రధాన పురోహితుడని అర్థం.

వీరి తర్వాత, క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి దినారియస్ బరువునూ వెండి పాలునూ తగ్గించాడు.

అభ్యర్థులు తరచూ తడబడేది ఇక్కడ: గౌతమీపుత్ర శాతకర్ణి, పులుమావి, యజ్ఞశ్రీల ముఖాలున్న శాతవాహన వెండి నాణేలకు దగ్గరి నమూనా పశ్చిమ క్షాత్రపుల నాణేలు, రోమువి కావు. శాతవాహనులవే అయినా తెరచాప ఓడ బొమ్మ ఉన్నవి సీసం నాణేలు, వెండివి కావు.