ఆయన వింటున్నాడు

రాత్రి నేల మీద పడుకున్న రైతును కట్లపాము కరిచింది. వాపు లేదు. నొప్పీ పెద్దగా లేదు. తెల్లవారేసరికి రెప్పలు వాలిపోయాయి. మాట ముద్దగా వచ్చింది. మంత్రగాడి దగ్గర ఆలస్యం చేయలేదు. నేరుగా పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మంచి పని చేశారు.

డాక్టర్లు విషానికి విరుగుడు మందు ఎక్కించారు. అయినా ఊపిరి ఆడలేదు. గొంతులో గొట్టం వేసి, ఊపిరి మిషను పెట్టారు. ఐ.సి.యు.లో ఉంచారు.

భార్య లోపలికి వెళ్ళి చూసింది. భర్త కదలడు. కళ్ళు తెరవడు. మంచం పక్కనే బావురుమంది.

"మనిషి దక్కేట్టు లేడక్కా" అన్నాడు ఆమె తమ్ముడు.

సిస్టరు ఇద్దరినీ పక్కకు పిలిచింది.

"అట్లా అనొద్దు. ఆయన వింటుంటాడు."

"కళ్ళే తెరవటం లేదు గదమ్మా!"

"కట్లపాము విషం కండరాలను పడేస్తుంది. అందుకే రెప్పలు లేవవు. ఊపిరి ఆడదు. తెలివి మాత్రం ఉంటుంది. చెవులు వింటాయి. వెళ్ళి చెయ్యి పట్టుకో. ఇంటి సంగతులు చెప్పు."

చాలా ఆసుపత్రుల్లో లోపలికి పోనిచ్చేది రోజుకు కొద్దిసేపే. ఆ కాస్త సేపూ ఏడుపుకే పోతే ఎట్లా? ఆమె కళ్ళు తుడుచుకుంది. సబ్బుతో చేతులు కడుక్కుని వెళ్ళింది.

"ఏమయ్యా, ఇవాళ బుధవారం. నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. మన గేదె ఈనింది. పెయ్యదూడ."

కొన్ని రోజులకు రెప్పలు కదిలాయి. తర్వాత గొట్టం తీశారు. గొంతు బొంగురుపోయింది. అయినా ఆయన అడిగిన మొదటి మాట, "పెయ్యకు పాలు వదులుతున్నారా?"

ఆ రాత్రి మాత్రం ఇంకో భయం పట్టుకుంది. "గోడ మీద పాములు" అని అరిచాడు. బామ్మర్దిని గుర్తుపట్టలేదు. ఆ తమ్ముడు తాయెత్తు కట్టిద్దామన్నాడు. డాక్టరు ఒప్పుకోలేదు. ఇది గాలి సోకటం కాదు. పిచ్చీ కాదు. పెద్ద జబ్బు, మత్తు మందులు, నిద్ర లేకపోవటం కలిసి మెదడును తికమక పెడతాయి. మిషను మీద ఉన్నవాళ్ళలో చాలామందికి ఇట్లా అవుతుంది. ఎక్కువమందికి తగ్గిపోతుంది.

సిస్టర్లు రాత్రి లైట్లు తగ్గించారు. పగలు కిటికీ తెర తీశారు. తేదీ, వారం చెబుతూ వచ్చారు. కళ్ళజోడు ఉన్నవాళ్ళకు కళ్ళజోడు పెట్టాలి. చెవిటి మిషను ఉంటే అదీ పెట్టాలి.

మర్నాడు ఆయన్ని మంచం అంచున కూర్చోబెట్టారు. "ఇంత నీరసంలోనా!" అని భార్య హడలిపోయింది. కానీ పడుకునే ఉంటే కండరాలు కరిగిపోతాయి. 2009లో అమెరికా డాక్టర్లు 104 మంది రోగుల మీద జరిపిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. అందరూ ఊపిరి మిషను మీద ఉన్నవాళ్ళే. కొందరి చేత మొదటి రోజుల నుంచే కాళ్ళూ చేతులూ ఆడించారు, కూర్చోబెట్టారు. వాళ్ళలో 100కి 59 మంది ఆసుపత్రి వదిలేనాటికి తమ పనులు తాము చేసుకోగలిగారు. మిగతావాళ్ళలో 100కి 35 మందే. తికమక కూడా తొందరగా తగ్గింది. అయితే ఎప్పుడు లేపాలో డాక్టరే చెప్పాలి. గొట్టాలు ఉండగా ఇంటివాళ్ళు సొంతంగా లేపకూడదు.

ఇంటికి వచ్చాక కూడా నీరసం, పీడకలలు కొన్ని నెలలు ఉండవచ్చు. నిద్ర పట్టకపోతే మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళి ఆ సంగతి చెప్పాలి.