పాత మారుతి 800: ముందు ఆగాలి, తర్వాతే పరుగు

మారుతి 800 మొదటి బండి 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. హైదరాబాదులో భారత్ స్టేజ్-4 నిబంధన వల్ల 2010 ఏప్రిల్ నుంచే కొత్తవి అమ్మడం మానేశారు. అయినా డ్రైవింగ్ నేర్చుకోవడానికనో, పిల్లల్ని బడి దగ్గర దింపడానికనో తక్కువ ధరకు కొనేవాళ్లు ఇంకా ఉన్నారు. కొనగానే సీటు కవర్లు, పాటల డెక్కు, పెయింటు అంటూ ఖర్చు మొదలవుతుంది. దయచేసి ఆ వరస మార్చండి. బండి స్టార్టు కాకపోతే ఆ పూట పని చెడుతుంది, ఆగాల్సిన చోట ఆగకపోతే ప్రాణాలే పోతాయి. చేతిలో ఉన్న డబ్బు ముందు బ్రేకులకూ టైర్లకూ పెట్టండి.

బ్రేకులు

ఈ బండికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ముందు ప్యాడ్లు అరిగితే చప్పుడు చేసి చెబుతాయి. వెనక డ్రమ్ములో మాత్రం వీల్ సిలిండర్ రబ్బర్లు ముదిరిపోయి, బ్రేక్ ఆయిల్ లోపల్లోపలే కారుతుంది, షూలు తడిసి పట్టు వదిలేస్తాయి.

చేయవలసింది: నెలకోసారి వెనక చక్రాల లోపలి వైపు టార్చి వేసి చూడండి. డ్రమ్ము వెనక ప్లేటు కింది అంచున గానీ, టైరు లోపలి గోడ మీద గానీ దుమ్ము తడిసి నల్లగా అంటుకుని ఉంటే బండి అక్కడే ఆపి మెకానిక్‌ను పిలవండి. ఇంకో పరీక్ష కూడా ఉంది. ఇంజను ఆన్ చేసి, పెడల్ గట్టిగా తొక్కి అలాగే పట్టుకోండి. కాలి కింద మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో లీకైనా ఉండాలి, మాస్టర్ సిలిండరైనా పోయి ఉండాలి. రెండు మూడుసార్లు కొడితే గానీ బ్రేకు పట్టకపోతే షూలు అరిగాయో, లైనులో గాలి చేరిందో చూపించుకోండి.

చేయకూడనిది: డబ్బాలో మట్టం తగ్గినప్పుడల్లా ఆయిల్ పోసి ఊరుకోకండి. ప్యాడ్లు అరిగేకొద్దీ కాస్త తగ్గడం మామూలే. నెలనెలా పోయాల్సి వస్తోందంటే మాత్రం ఆయిల్ కారిపోతున్నట్టే. ఎప్పుడో మూత తీసి అటక మీద పెట్టిన ఆయిల్ అసలే వద్దు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఆ నీరు వేడికి ఆవిరై బుడగలు కడితే పెడల్ నేలదాకా పోతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి మొత్తం మార్పించండి. షూలు ఒక పక్కవే వేయించడం కూడా తప్పు, రెండు పక్కలా ఒకేసారి మార్చాలి.

తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్లు దిగేటప్పుడు సెకండ్ గేరులోనే దిగండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం, ఇంజను ఆపేయడం ఎంత మాత్రం వద్దు. భారమంతా బ్రేకుల మీద పడి అవి కాలిపోతాయి. బూస్టర్ ఉన్న మోడళ్లలో ఇంజను ఆగితే దాని సాయమూ పోతుంది.

వేడి

ఇది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను, హెడ్ అల్యూమినియం. ఒక్కసారి బాగా వేడెక్కిందంటే హెడ్ వంగి గ్యాస్కెట్ పోతుంది. ఇంజన్ ఆయిల్ మూత కింద పాలు కలిపిన టీ రంగులో నురగ కనిపిస్తే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయేమోనని అనుమానించండి.

మీటరులో బ్యాటరీ ఎర్ర లైటు వెలిగితే, ఇంటికెళ్లి చూద్దాంలే అనుకోకండి. ఆల్టర్నేటర్‌నూ వాటర్ పంపునూ తిప్పేది ఒకే బెల్టు. అది తెగితే ఛార్జింగ్‌తో పాటు నీళ్ల తిరుగుడూ ఆగుతుంది, కాసేపట్లో వేడి ముల్లు పైకి లేస్తుంది. పక్కకు తీసి ఇంజను ఆపండి. డిక్కీలో ఒక బెల్టు పెట్టుకోవడం పెద్ద ఖర్చేమీ కాదు.

వేడిగా ఉండగా రేడియేటర్ మూత తిప్పకండి. తడి గుడ్డ అడ్డం పెట్టినా తిప్పకండి, ముఖం కాలుతుంది. ఇంజను మీద చన్నీళ్లు గుమ్మరించకండి. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం మానండి, అందులోని లవణాలు సన్న గొట్టాల్లో గట్టిపడి అడ్డుపడతాయి.

పెట్రోలు, వైర్లు

పాత కార్బురేటర్ బండ్లలో పెట్రోలు రబ్బరు పైపులు చిట్లుతాయి. వేలితో వంచి చూస్తే పగుళ్లు కనబడతాయి. పెట్రోలు వాసన వస్తుంటే స్టార్టు చేయకండి. ఫ్యూజ్ పోయిన చోట రాగి తీగ చుట్టకండి, ఆ ఫ్యూజ్ ఎందుకు పోయిందో వెతికించండి. 60/55 వాట్ల హెడ్‌లైట్ బల్బుల చోట రిలే లేకుండా 100/90 వేస్తే స్విచ్చూ వైర్లూ మాడిపోతాయి. ఇంట్లో వంట గ్యాసు సిలిండరును కారుకు తగిలించడం చట్టవిరుద్ధం, పైగా ఇంటిల్లిపాదికీ ప్రమాదం. సీఎన్‌జీ కిట్టు ఉంటే సిలిండరుకు మూడేళ్లకోసారి పరీక్ష తప్పనిసరి.

సైలెన్సర్‌కు బెజ్జం పడిందా, ఆలస్యం చేయకండి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. ఆపిన బండిలో ఏసీ వేసుకుని నిద్రపోవడం ఎవరికీ మంచిది కాదు.

తుప్పు, టైర్లు

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు బండి కొంటుంటే కాళ్ల కింద మ్యాట్లు తప్పక ఎత్తి చూడండి. పెయింటు ఉబ్బిన చోట స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రేకు లోపలికి పోతోందా? సీటు బెల్టు బిగించిన చోటా, జాకీ పెట్టే చోటా అలా ఉంటే ఆ బండి వద్దు. ఎయిర్‌బ్యాగులు లేని బండి ఇది, ఉన్న రక్షణల్లా ఆ బెల్టూ ఆ రేకూ మాత్రమే. వెనక కూర్చున్నవాళ్లకూ బెల్టు పెట్టించండి. జాకీ మీద లేపిన బండి కిందికి ఎవరినీ దూరనివ్వకండి, రాళ్లు ఆసరా పెట్టినా సరే.

టైరు గోడ మీద 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాట్లు బాగానే ఉన్నా పక్కగోడ బీటలు వారితే మార్చేయండి. స్టెప్నీకీ ఇదే లెక్క.

పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి, దానికి బండిని తనిఖీ చేస్తారు. ఆ ఒక్క రోజు కోసం ఎవరివో మంచి టైర్లు తెచ్చి బిగించి, సాయంత్రానికి మళ్లీ పాతవి వేసుకోకండి.