చదివిపెట్టు గొంతు, వ్రాసిపెట్టు చేయి

హనుమకొండలోని వేయిస్తంభముల గుడిని కాకతీయ రుద్రదేవుడు 1163వ సంవత్సరమున కట్టించెను. అచ్చటి నల్లరాతి స్తంభములు అద్దమువలె నునుపుదేరియున్నవి. చూడవచ్చినవారు కన్నులతో చూచి ఊరకుండక చేతితో ఒకసారి తడవి చూతురు. రాతి నునుపు కంటికంటె చేతికే బాగుగా తెలియును. పుట్టుకతో చూపులేని బాలికకు స్తంభమన్నను, తలుపన్నను, తల్లి మొగమన్నను తెలియుట ఈ విధముగనే. ఆమె అక్షరములు నేర్చుటయు వ్రేళ్లతోనే.

ఆ వ్రేళ్ల లిపిని కల్పించినవాడు లూయీ బ్రెయిలీ. అతడు 1809లో ఫ్రాన్సుదేశమున జన్మించెను. మూడేండ్లవాడై యుండగా, గుఱ్ఱపు జీనులు కుట్టు తండ్రి దుకాణములో ఆరెతో ఆడుకొనుచు కన్ను పొడుచుకొనెను. కొలది కాలమునకు రెండవ కంటిచూపును పోయెను. 1824లో, పదునైదేండ్ల ప్రాయమున, ఆరు చుక్కల పద్ధతిని సిద్ధపరచెను. కన్ను పోగొట్టిన ఆరెవంటి మొనగల పనిముట్టుతోనే నేటికిని ఆ చుక్కలను పొడుచుచుండుట చిత్రము.

మన దేశమున పలు తీరుల నున్న చుక్కల లిపులకు బదులు, 1951లో అన్ని భాషలకును భారతీ బ్రెయిలీ అను ఒకే పద్ధతి ఏర్పడెను. అందు మన ‘అ’కారమునకు ఒక్కటే చుక్క, ‘క’కారమునకు రెండు. మనము ‘కి’ వ్రాయునపుడు గుడిని అక్షరము నెత్తిన పెట్టుదుము; బ్రెయిలీలో ‘క’ ప్రక్కన ‘ఇ’ వచ్చి కూర్చుండును. పలకవంటి చట్రములో దళసరి కాగితమును బిగించి, ప్రతి అక్షరమును అద్దములోని నీడవలె తిరుగవేసి, కుడినుండి ఎడమకు పొడుచుకొనుచు పోవుదురు. పిదప కాగితమును త్రిప్పి ఎడమనుండి కుడికి చదువుదురు. చూపున్నవారిలో ఎందరికి ఈ పని మొదటి దినమున చేతనగును?

అయితే ఈ లిపిలో చిన్న పుస్తకము సైతము పెద్ద సంపుటములగును. అందుచేత అన్ని పుస్తకములును దొరకవు. అచ్చటనే చూపున్నవారి అవసరము కలుగుచున్నది.

వరంగల్లు వంటి పట్టణములోని అంధబాలికల వసతి పాఠశాలను తలచుకొందము. చుట్టుప్రక్కల పల్లెలనుండి, కూలినాలి చేసికొను ఇండ్లనుండి బాలికలు అట్టి చోటికి వచ్చుదురు. చూపులేని కొడుకును దూరమునకు పంపిన తల్లిదండ్రులును కూతురిని పంపుటకు వెనుదీయుట పెక్కుచోట్ల కలదు; కావున ఆమె బడి గడప దాటుటయే ఒక గెలుపు. వారందరును బొత్తిగా చూపులేనివారు కారు. కొందరికి వెలుగుచీకట్లు తెలియును. కొందరు పుస్తకమును కంటికి ఆనించుకొని పెద్ద అక్షరములు చదువగలరు.

ఇట్టి పాఠశాలలకు దాతలు వచ్చుచుందురు. పుట్టినరోజున మిఠాయిలు, చలికాలమున దుప్పట్లు పంచుదురు. ఇవి అక్కరలేనివి కావు. దుప్పటి విలువ అది లేనివారికే తెలియును. కాని పంచిన లడ్డు ఆనాటితో తీరును. చదివిపెట్టువారు లేని పాఠము మరునాడును అట్లే యుండును.

ఆదివారమాదివారము అచ్చటికి పోవు ఒక కళాశాల విద్యార్థిని ఉన్నదనుకొందము. ఆమె గదిలో అడుగిడగనే తన పేరు చెప్పవలెను. ‘నేనెవరో చెప్పుకో!’ యని పరిహాసమాడుట ఆడువారికి వినోదము, వినువారికి విసుగు. చేయి పట్టి లాగరాదు; తన మోచేతిని అందించి అరయడుగు ముందు నడువవలెను. కుర్చీని జరిపినచో తిరిగి యథాస్థానమున నుంచవలెను. తలుపును సగము తెరచి విడువరాదు. వెడలిపోవునపుడు చెప్పి పోవలెను. లేనిచో ఆ బాలిక ఖాళీ కుర్చీతో మాటలాడుచుండును.

చదివిపెట్టుటయు అంత సులువు కాదు. పటములో గోదావరి ఇట్లు పోయినదని గాలిలో వ్రేలు త్రిప్పిన ప్రయోజనమేమి? అట్టమీద జిగురుతో దారమంటించి, ఆ దారముపై ఆమె వ్రేలిని నడిపింపవలెను. గణితములోని నిలువు, అడ్డు గడులు తెలుపుటకు నవారు మంచముపై చేయి పెట్టించిన చాలును. నేడు కంప్యూటరును, చేతిఫోనును కూడ అచ్చుపుస్తకములను బిగ్గరగా చదువుచున్నవి. అది గొప్ప మేలు. కాని యంత్రము పద్యపాదము వద్ద తడబడును; అర్థము కాలేదని వినువారి మొగము చెప్పుచున్నను అది ఆగదు.

అన్నిటికంటె బరువైన సేవ పరీక్షనాడు కలదు. అంధబాలిక సమాధానము చెప్పగా మరియొకరు వ్రాసిపెట్టుదురు. అట్టివారిని లేఖకులందురు. లేఖకులు సాధారణముగా పరీక్షార్థికంటె క్రింది తరగతివారై యుందురు. పదవ తరగతి పరీక్షకు తొమ్మిదవ తరగతి విద్యార్థులు కూర్చుండుట పరిపాటి. కనుక ఎనిమిదవ తరగతి చదువుచున్నవారికి ఈ పని ఎంతో దూరములో లేదు. చెప్పి వ్రాయించుటకు ఎక్కువ కాలము పట్టును గనుక, గంటకు 20 నిమిషములకు తక్కువ కాకుండ అదనపు కాలమీయవలెనని కేంద్రప్రభుత్వము 2018లో ప్రకటించిన మార్గదర్శక సూత్రములు చెప్పినవి. మూడు గంటల పరీక్ష నాలుగు గంటలగును. అంతవరకు లేఖకురాలు విసుగక కూర్చుండవలెను. వచ్చెదనని మాట యిచ్చి ఆ ఉదయము రాకున్నచో, సంవత్సరమంతయు చదివిన బాలిక ఖాళీ కాగితము ముందు కూర్చుండవలసివచ్చును.

వచ్చినవారికి మరియొక చిక్కు కలదు. రామప్పగుడి ఎప్పుడు కట్టబడినదని ప్రశ్న వచ్చినదనుకొందము. బాలిక ‘1231’ అని చెప్పినది. ఆ గుడిని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించెనని లేఖకురాలికి తెలియును. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినపుడు ఆమె ఆ సంగతి చదివియుండెను. అంకెలు రెండు మార్చిన చాలును, ఎవరును చూడరు. జాలియు అట్లే చేయుమనును. కాని మార్చినచో ఆ మార్కు బాలికది కాదు. పిదప ఆమె న్యాయముగా తెచ్చుకొన్న మార్కులను సైతము లోకము శంకించును.

కావున లేఖకురాలు 1231 అనియే వ్రాయును. చివరి గంట మ్రోగుటకు ముందు సమాధానములన్నిటిని తిరిగి చదివి వినిపించును. ఆ చోటికి వచ్చినపుడు గొంతు పెంచదు, తగ్గించదు, ఆగదు. బాలిక విని, ఒక క్షణము తలచుకొని, “కాదు, 1213” అనినచో కొట్టివేసి దిద్దును. ఏమియు అనకున్నచో తరువాతి సమాధానమును చదువును.